మోకాలి ఆపరేషన్‌కి ఏడు వారాలుంది, ఇప్పుడు ఎక్సర్‌సైజులెందుకు?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారాలు. నా వయసు 64. హైస్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. ఎనిమిదేళ్లుగా రెండు మోకాళ్లూ నొప్పే, కుడిది మరీ ఎక్కువ. గుజ్జు పూర్తిగా అరిగిపోయింది, మోకాలు మార్చాల్సిందే అన్నారు. సంక్రాంతి వెళ్లాక కుడి మోకాలికి ఆపరేషన్. ఇంకా ఏడు వారాలుంది. ఈలోపు ఫిజియోథెరపీ చేయించుకోమని సర్జన్ గారు చీటీ రాసిచ్చారు. మా అబ్బాయేమో "ఎలాగూ మార్చేసే మోకాలికి ఎక్సర్‌సైజులెందుకమ్మా, అప్పటిదాకా రెస్ట్ తీసుకో" అంటున్నాడు. పక్కింటావిడ "కదిలిస్తే ఇంకా అరుగుతుంది" అంటోంది. నడిస్తే నొప్పి, కూర్చుంటే బిగుసుకుపోవడం. రాత్రిళ్లు మోకాలి కింద దిండు ఉంటేనే నిద్ర పడుతుంది. ఆపరేషన్‌కి ముందు ఫిజియో వల్ల నిజంగా ఉపయోగం ఉందా? ఇంట్లో చేసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: టీచర్ గారూ, ఉపయోగం ఉంది. ఈ ఏడు వారాలూ వదులుకోకండి.

మీ అబ్బాయి మీతో అన్న మాటే 2014లో నేను మా అమ్మతో అన్నాను. అప్పటికే నాకు ఫిజియోథెరపిస్టుగా పదమూడేళ్ల అనుభవం. అమ్మ కుడి మోకాలికి ఆపరేషన్ డేటు ఇచ్చారు, ఐదు వారాలుంది. నొప్పితో కుంటుతూ వంటింట్లోకి వెళ్తుంటే చూడలేక "కూర్చో అమ్మా, ఆపరేషన్ అయ్యాక అన్నీ నేనే చేయిస్తాగా" అన్నాను. అమ్మ కూర్చుంది. ఐదు వారాలు టీవీ ముందు, కాలు స్టూలు మీద పెట్టుకుని, మోకాలి కింద దిండుతో.

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు వార్డులో ఫిజియో అమ్మాయి వచ్చి "అమ్మమ్మగారూ, కాలు మడవకుండా జానెడు పైకి లేపండి" అంది. అమ్మ లేపబోయింది. కాలు లేవలేదు. మళ్లీ ప్రయత్నించింది, మడమ మంచం వదల్లేదు. అమ్మ నా వైపు తిరిగి "ఇది నా కాలేనా? చెబితే వినడం లేదేమిటే?" అని అడిగింది. ఆ కాలు తనంతట తాను లేవడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఒకరు కాలు పట్టుకుని మంచం దింపాల్సి వచ్చింది. అమ్మకి నొప్పి కన్నా అదే ఎక్కువ బాధ. ఆ తప్పు నాది. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి పేషెంటుకీ ముందుగా ఇదే చెబుతాను.

కాలు ఎందుకు వినలేదో చెప్తాను. వాడుకలో చిప్పల మార్పిడి అంటాం గానీ, చిప్పని సాధారణంగా తీసెయ్యరు. తొడ ఎముక కింది చివర, కాలి ఎముక పై చివర అరిగిన భాగాన్ని కొన్ని మిల్లీమీటర్ల మందం కోసి, లోహపు తొడుగులు అమర్చి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ బిళ్ల పెడతారు. కొందరికి చిప్ప లోపలి వైపు కూడా సరిచేస్తారు. మారేది అంతే. ఆ కీలుని కదిలించే కండరం మాత్రం మీ పాతదే. తొడ ముందు భాగంలో ఉండే పెద్ద కండరం మోకాలిని చాపుతుంది, కుర్చీలోంచి లేపుతుంది, మెట్లు దిగేటప్పుడు కాలు జారిపోకుండా పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి నొప్పికి భయపడి వాడకపోవడంతో అది ముందే సన్నబడి ఉంటుంది. టేపు పెట్టి రెండు తొడలూ కొలవండి, చిప్పకి అర అడుగు పైన. నొప్పి ఎక్కువున్న వైపు తొడ సన్నగా కనిపించవచ్చు.

దాని మీద ఆపరేషన్ దెబ్బ. కీలు వాచినప్పుడు తొడ కండరానికి వెళ్లే నరాల ఆదేశాన్ని శరీరం తనంతట తానే తగ్గించేస్తుంది. కండరం అక్కడే ఉంటుంది, దానికి కబురే సరిగా అందదు. ఆపరేషన్ అయిన మొదటి నెలలో తొడ కండరం బలం అంతకు ముందున్న దానిలో సగానికి పైగా పడిపోతుందని కొలిచి చూశారు. అందరికీ పడుతుంది, ఎంత మంచి సర్జన్ చేసినా పడుతుంది. కాబట్టి ఎంత బలంతో ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్తున్నారన్నదే ముఖ్యం. పదిలో సగం పోతే ఐదు మిగులుతుంది. నాలుగుతో వెళ్తే రెండే మిగులుతుంది, ఆ రెండుతో కాలు లేవదు. వార్డులో మా అమ్మకి జరిగింది ఇదే.

పేషెంట్లు వచ్చి ఇంప్లాంట్ ఏ కంపెనీది వేయించుకోవాలి, బంగారు రంగు పూత ఉండే గోల్డ్ నీ మంచిదా అని గంటసేపు అడుగుతారు. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకి పరిమితి పెట్టినప్పటి నుంచి ధరల గురించి కూడా బాగా తెలుసుకుని వస్తున్నారు, సంతోషం. కానీ నా తొడలో బలం ఎంతుంది అని అడిగినవాళ్లు ఇన్నేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. డబ్బు పెట్టి కొనలేనిది అదొక్కటే.

ఇక "కదిలిస్తే ఇంకా అరుగుతుంది" అన్న మాట. మోకాలి గుజ్జుకి రక్తనాళాలు ఉండవు. కీలు కదిలినప్పుడు, బరువు పడి వదిలినప్పుడు లోపలి ద్రవం నుంచే దానికి పోషణ అందుతుంది. కదలకుండా ఉంచితే దానికి మేలు జరగదు, కండరం మాత్రం కరుగుతుంది, కీలు బిగుస్తుంది. పైగా నేను చెప్పబోయేవాటిలో చాలావరకు పడుకునో కూర్చునో చేసేవే, మోకాలి మీద ఒళ్లు బరువు పడదు. మీ పక్కింటావిడ మీ మేలు కోరే చెబుతున్నారు. ఆవిడకీ మోకాళ్ల నొప్పులుంటే ఇవే నేర్పండి.

ఉన్నదున్నట్టు ఇంకో మాట కూడా చెప్పాలి. ముందు ఫిజియో చేసినవాళ్లకీ చేయనివాళ్లకీ తేడా బాగా కనిపించేది మొదటి వారాల్లో, రెండు మూడు నెలల దాకా. వాకర్ ఎప్పుడు వదిలారు, కుర్చీలోంచి ఎంత తేలిగ్గా లేచారు, మెట్లు ఎప్పుడు ఎక్కారు అనే విషయాల్లో. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ దాదాపు ఒకచోటికి చేరతారని పరిశోధనలు చెబుతున్నాయి. అయితే ఆ మొదటి నెలలే మనిషిని కుంగదీసేవి. ఇంట్లోవాళ్లు అలసిపోయేదీ, "ఎందుకు చేయించుకున్నానురా" అని ఏడ్చేదీ అప్పుడే. బ్రిటన్ ప్రభుత్వ వైద్యానికి దారి చూపే నైస్ సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా, మోకాలు మార్పించుకునేవాళ్లకి ఆపరేషన్ ముందు చేయాల్సిన వ్యాయామాల గురించి చెప్పి తీరాలని ఉంది. అలాగని ఎక్సర్‌సైజుల కోసం ఆపరేషన్ వాయిదా వేసుకోకండి. ఉన్న ఏడు వారాలూ వాడుకుంటే చాలు.

ముందు మీ దిండు సంగతి. దయచేసి ఇవాళ రాత్రి నుంచే మోకాలి కింద దిండు తీసేయండి. వంచి ఉంచితే హాయిగా ఉంటుంది నిజమే, కానీ కీలు వెనకవైపు కండరాలూ పొరలూ ఆ వంపులోనే బిగుసుకుపోతాయి. బల్ల మీదో గట్టి మంచం మీదో కాళ్లు చాపి పడుకోండి. మోకాలి కింద మీ అరచెయ్యి సులువుగా దూరుతోందంటే మోకాలు పూర్తిగా చాపుకోవడం లేదన్నమాట. వంపుతో ఆపరేషన్‌కి వెళ్లినవాళ్లకి ఆ తర్వాత కూడా మోకాలు తిన్నగా రాక ఇబ్బంది పడే అవకాశం ఎక్కువ. తిన్నగా రాని కాలు పొట్టిగా పడుతుంది, నడుం నొప్పి మొదలవుతుంది. ఎంత మడిచారు అనే అందరూ అడుగుతారు, ఎంత చాపారు అని అడగరు. నా లెక్కలో చాపడమే ముందు. దిండు బదులు, తువ్వాలు చుట్ట చుట్టి మడమ కింద పెట్టండి. మోకాలు గాల్లో తేలుతూ దాని బరువుకి అదే కిందికి దిగుతుంది. ఐదు నిమిషాలు, రోజుకి మూడు సార్లు. మొదట్లో పిక్క వెనక లాగుతుంది, లాగాలి.

రెండోది తొడ బిగించడం. మోకాలి కింద పల్చటి తువ్వాలు మడత పెట్టి, మోకాలితో దాన్ని మంచానికేసి నొక్కండి. తొడ రాయిలా బిగుస్తుంది, చిప్ప పైకి జరుగుతుంది. వేలు పెట్టి చూసుకోండి. ఐదు సెకన్లు ఉంచి వదలాలి. 2016లో అమ్మ ఎడమ మోకాలి ఆపరేషన్ నిర్ణయమైనప్పుడు, నేను ఈసారి ఆరు వారాల ముందే మొదలుపెట్టించాను. సెకన్లు లెక్కపెట్టడం అమ్మకి రాలేదు, ఒకటి రెండు అంటూ గబగబా వదిలేసేది. "నిదానంగా ఓం నమో నారాయణాయ అను, అయ్యాక వదులు" అన్నాను. అది కుదిరింది. పొద్దున కాఫీకి ముందు పది, మధ్యాహ్నం సీరియల్ అప్పుడు పది, పడుకునే ముందు పది. రెండు వారాలకి పెదాలు కదలడమే కనిపించేది, తొడ బిగుస్తూ వదులుతూ ఉండేది. ఇలా పైకి అనుకోవడంలో ఇంకో లాభం ఉంది, ఊపిరి బిగపట్టరు. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగపట్టి ఏ ఎక్సర్‌సైజూ చేయకూడదు.

అది అలవాటయ్యాక కాలు లేపడం. ఎడమ మోకాలు మడిచి పాదం ఆనించి, కుడికాలు ముందు బిగించి, తర్వాత అడుగు ఎత్తు లేపి, ఐదు సెకన్లు ఆపి, నెమ్మదిగా దించాలి. పడెయ్యకూడదు, దించడంలోనే సగం పని ఉంది. మడవడానికి మడమ కింద పాలిథిన్ కవర్ పెట్టుకుని, పరుపు మీద మడమని పిరుదుల వైపు జార్చుకుంటూ తేవాలి. కవర్ ఉంటే దుప్పటి పట్టదు. ఈ రెండూ పదేసి చొప్పున, రోజుకి రెండు సార్లు.

అన్నిటికన్నా పనికొచ్చేది కుర్చీలోంచి లేవడం. చేతులున్న గట్టి కుర్చీ గోడకి ఆనించి వేయించుకోండి. మొదట చేతులు ఆనించి లేవండి, కూర్చునేటప్పుడు కూలబడకుండా నెమ్మదిగా దిగండి. ఐదుతో మొదలుపెట్టి వారానికి రెండు మూడు పెంచండి. మీ అబ్బాయిని ఫోన్‌లో టైమర్ పెట్టమనండి. చేతులు గుండెల మీద మడుచుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో వారానికోసారి రాసి పెట్టుకోండి. మీ వయసు ఆడవాళ్లకి 12 కన్నా తగ్గితే కాళ్లలో బలం తక్కువ అని లెక్క. మీకు మొదట నాలుగే రావచ్చు, నొప్పి వల్ల అసలు రాకపోనూవచ్చు. దిగులుపడకండి. నాలుగు ఏడయితే చాలు, ఆ మూడూ వార్డులో మీకు కనిపిస్తాయి.

నొప్పి ఎంతవరకు పరవాలేదు? చేస్తున్నప్పుడు కొంచెం నొప్పి ఉండొచ్చు. మర్నాడు పొద్దున లేచేసరికి మామూలు స్థాయికి రావాలి. రాకపోయినా, వాపు పెరిగినా మానేయకండి, లెక్క సగానికి తగ్గించండి. మోకాలు ఎర్రగా వేడెక్కి జ్వరం వచ్చినా, ఒక్క పిక్కే వాచి నొప్పి పెట్టినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆపేసి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇంట్లో చేసుకోవచ్చు. కానీ మొదటి వారం రెండు మూడు సార్లైనా ఫిజియో దగ్గరికి వెళ్లి నేర్చుకోండి, తర్వాత పదిరోజులకోసారి చూపించుకోండి. కరెంటు పెట్టి పావుగంట పడుకోబెట్టి పంపేసే చోటైతే మీకు కావాల్సింది అది కాదు. "నాకు ఎక్సర్‌సైజులు నేర్పండి, వాకర్ నేర్పండి" అని నోరు తెరిచి అడగండి.

వాకర్ ఇప్పుడే కొని నేర్చుకోవాలి. ఆపరేషన్ మర్నాడు, మత్తుమందుల మగతలో, నొప్పిలో నేర్చుకోవడం కష్టం. నిలబడి చేతులు వేలాడేస్తే మణికట్టు దగ్గరికి వాకర్ పిడి రావాలి. ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, ఆ తర్వాత రెండోది. మెట్ల దగ్గర, ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు. వాకర్ మీద భారమంతా భుజాలదే కాబట్టి, కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి ఒంటిని కొంచెం పైకి లేపే ఎక్సర్‌సైజు కూడా చేయండి.

హిమోగ్లోబిన్ ఇప్పుడే చూపించుకోండి, తక్కువుంటే మాత్రలతో పెరగడానికి వారాలు పడుతుంది. ఒక్క కిలో తగ్గినా నడిచేటప్పుడు ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. అయితే ఏడు వారాల్లో తగ్గిపోవాలని తిండి మానేస్తే కండరమే పోతుంది. పప్పు, పెరుగు, తింటే గుడ్లు, రోజూ ఉండాలి. గత మూడు నెలల్లో మోకాలిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని ఉంటే సర్జన్ గారికి తప్పకుండా చెప్పండి, ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది. పుచ్చిన పన్ను, కాలి పగుళ్లలో చీము, ఇలాంటివీ దాచకండి.

అమ్మ ఎడమ మోకాలు ఏమైందో చెప్పలేదు. ఆపరేషన్ మర్నాడు, వార్డులో ఫిజియో ఇంకా చెప్పకముందే, అమ్మ పెదాలు కదిలాయి. తొడ బిగిసింది. మడమ మంచం మీద నుంచి నాలుగు వేళ్ల ఎత్తు లేచింది. రెండోసారి కాబట్టి భయం తక్కువ, ఏం జరుగుతుందో తెలుసు, ఆ లాభం కూడా కలిసిందని ఒప్పుకుంటాను. కానీ ఆ రోజు సాయంత్రం అమ్మ వాకర్‌తో బాత్రూమ్‌కి వెళ్లి తలుపు తనే వేసుకుంది.

ప్రశ్న: మా నాన్నకి 71 ఏళ్లు, వ్యవసాయం. రెండు మోకాళ్లూ మార్చాలన్నారు. షుగర్ ఉంది, నాలుగేళ్ల కింద గుండెకి స్టెంట్ వేశారు. ఎక్సర్‌సైజులు చేయించొచ్చా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చేయించొచ్చు, గుండె డాక్టర్‌ని అడిగాకే. పడుకుని చేసేవాటితో మొదలుపెట్టి, కుర్చీ ఎక్సర్‌సైజులు తక్కువ లెక్కతో, మధ్యలో విశ్రాంతి ఇస్తూ చేయించండి. ఆయాసం వచ్చి మాట తడబడితే ఆపాలి. రక్తం పల్చబడే మందులు ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో డాక్టర్లే చెప్పాలి, మీరు ఆపకండి. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష (HbA1c) చేయించండి. సాధారణంగా అది 7.5 నుంచి 8 లోపు ఉండాలని సర్జన్లు చూస్తారు. బీడీ అలవాటుంటే కనీసం నెల ముందే మాన్పించండి, గాయం మానడానికి అది పెద్ద అడ్డం. ఇంకోటి, పొలం పనులు చేసిన మనిషికి ఎక్సర్‌సైజులెందుకు అనుకోవద్దు. మోకాళ్ల నొప్పితో పొలం వెళ్లడం మానేసి ఎన్నాళ్లయిందో అడగండి, తొడలు అప్పటి నుంచి కరుగుతున్నట్టే.

ప్రశ్న: మేడమ్, నేను డల్లాస్‌లో ఉంటాను. విజయవాడలో అమ్మకి వచ్చే నెల మోకాలి ఆపరేషన్. నాకు దొరికేది మూడు వారాల సెలవు. ఆపరేషన్‌కి ముందు వచ్చి ఎక్సర్‌సైజులు చేయించనా, తర్వాత రానా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఆపరేషన్‌కి నాలుగు రోజుల ముందు రామ్మా. ఆ నాలుగు రోజుల్లో బాత్రూమ్ గోడకి పట్టుకునే కడ్డీ వేయించు, కమోడ్ కిందికి ఉంటే పైన ఎత్తు సీటు పెట్టించు, నేల మీద పట్టాలు తీసేయి, వంటింట్లో రోజూ వాడే గిన్నెలు నడుం ఎత్తులోకి మార్చు, దేవుడి గదిలో పీట తీసి కుర్చీ వేయి. తర్వాత రెండు వారాలకు పైగా మిగులుతాయి. నీ అవసరం అమ్మకి ఎక్కువ అప్పుడే.

ఎక్సర్‌సైజులు మాత్రం నువ్వొచ్చేదాకా ఆగకూడదు. నీకు రాత్రి తొమ్మిదయితే అమ్మకి పొద్దున. రోజూ ఆ టైమ్‌కి వీడియో కాల్ చేసి, ఫోన్ అమ్మ ముఖం వైపు కాకుండా కాళ్ల వైపు పెట్టించు. పైన టీచర్ గారికి చెప్పినవే, ఇరవై నిమిషాలు. నువ్వూ పక్కన కుర్చీ వేసుకుని అమ్మతో పాటు లేస్తూ కూర్చుంటూ చెయ్యి. అమ్మలు ఒంటరిగా చేయనిది, కూతురు చూస్తోందంటే చేస్తారు.